వేబ్రిడ్జి మీద అల్లం

మూడో బోల్టు కూడా విరిగింది.

చెంచయ్య పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒంగోలులో సుభానీ మేస్త్రీ షెడ్డులో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాడతను. ఇన్నేళ్లకు మేస్త్రీ మొదటిసారి ఒక కారు ఇంజిన్ని పూర్తిగా అతనికి వదిలాడు. విప్పడం బాగానే విప్పాడు. మూసేటప్పుడే వచ్చింది ఈ ఖర్మ.

కారు ఏసుపాదానిది. టాక్సీ. అది తిరిగితేనే అతని ఇల్లు గడుస్తుంది. రెండు రోజులుగా షెడ్డు ముందే కూర్చున్న మనిషి ఇక ఉండబట్టలేక లోపలికి వచ్చాడు.

"సుభానీ భాయ్, నీకు దండం పెడతా. ఇతన్ని మాత్రం నా బండి మీద మళ్లీ చెయ్యి వెయ్యనీయొద్దు."

చెంచయ్యకు ఒళ్లు మండింది.

"నా తప్పేముంది? బోల్టులే నాసిరకం. నేనేమన్నా చేతి అంచనాతో బిగించానా? టార్క్ పానాతోనే గదా బిగించింది!"

టార్క్ పానాకు ఎంత బిగించాలో ముందే అంకె పెట్టుకోవాలి. అంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. అక్కడితో ఆపాలి. చెంచయ్య తన పానాను మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు. బారెడు పొడుగు, లారీ చక్రాలకు వాడేది. దాన్ని ఇంకొకళ్లు ముట్టుకుంటే అతనికి ప్రాణం పోతుంది.

"అంకె ఎంత పెట్టావురా?" అని అడిగాడు మేస్త్రీ.

"పది. కంపెనీ పుస్తకంలో పదే ఉంది."

"దాని మీద గీతలు ఎక్కడ మొదలవుతాయి?"

"నలభై దగ్గర. అయితే ఏంది? పిడి ఇంకాస్త వెనక్కి తిప్పా. పది ఆ పక్కనే ఎక్కడో ఉంటది గదా! టక్కుమనేలోపే విరిగి చస్తున్నాయి వెధవ బోల్టులు!"

మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. నిజంగానే కొట్టుకున్నాడు, నుదుటికి గ్రీజు అంటింది. తొమ్మిదేళ్లు చెప్పిందంతా ఏ గాలికి పోయిందోనని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ తిట్టలేదు.

పక్కనున్న టీ కొట్టుకు వెళ్లి అల్లం కొమ్మొకటి అడిగి తెచ్చాడు. దాన్ని చెంచయ్య చేతిలో పెట్టాడు.

"ఇది ఎంత తూగుద్దో చూసి రా."

"కూరల కొట్లోనా?"

"కాదు. రోడ్డవతల వేబ్రిడ్జి మీద."

"లారీలు తూచేదాని మీదా?"

"అదే. చీటీ కూడా రాయించుకుని రా."

ముసలాయనకు మతి చెడింది అనుకున్నాడు చెంచయ్య. కానీ మేస్త్రీ మొహం చూస్తే ఎదురు చెప్పే ధైర్యం రాలేదు. గొణుక్కుంటూ ఎండలో పడి వెళ్లాడు.

వేబ్రిడ్జి గదిలోని మనిషి ముందు నమ్మలేదు. తర్వాత పగలబడి నవ్వాడు.

"బండి నంబరు ఏం రాయమంటావన్నా?"

"ఏదో ఒకటి రాసి చావవయ్యా!"

లారీ పట్టేంత ఇనప పలక మధ్యలో అల్లం కొమ్మును పెట్టారు. సున్నా.

"నువ్వు కూడా ఎక్కన్నా, అప్పుడన్నా అంకె కదులుద్ది."

చెంచయ్య అల్లం పట్టుకుని ఎక్కాడు. డెబ్భై. అల్లాన్ని అవతలికి విసిరేసి చూశాడు. అప్పుడూ డెబ్భయ్యే. వెనక రెండు లారీలు ఆగకుండా హారన్ కొడుతున్నాయి.

అతను తిరిగి వచ్చేసరికి మేస్త్రీ విరిగిన బోల్టు ముక్కల్ని ఇంజిన్లోంచి ఓపిగ్గా ఊడదీస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎంత తూగింది?"

"సున్నా!"

"అంటే అల్లం బరువే లేదంటావా?"

"ఎందుకుండదు మేస్త్రీ!" చెంచయ్య అరిచినంత పని చేశాడు. "అది లారీలు తూచే కాటా! దానికి అల్లం సంగతి ఏం తెలుసుద్ది?"

చెంచయ్య చూపు తన పెద్ద పానా మీద పడింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. పానాను తీసి పక్కన పెట్టాడు.

"మేస్త్రీ," అన్నాడు గొంతు తగ్గించి. "పదికి పనికొచ్చే చిన్న పానా మనకాడ ఉందా?"

"ఉంది."

ఏసుపాదం గాభరాగా అడ్డం వచ్చాడు. "అదేదో నువ్వే పట్టు భాయ్! మళ్లీ ఇతనేనా?"

"ఇతనే," అన్నాడు మేస్త్రీ. "వేబ్రిడ్జి మీద అల్లం తూచొచ్చినోడు ఈ ఊళ్లో ఇంకెవడున్నాడు?"