గంగారత్నం కొంగుముడి

శఠగోపాచార్యులు గారికి ఒక అలవాటు. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు తొడుక్కుంటారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకోవడమంటే ముందు నడక నేర్చుకోవడమే.

ఆ ఉదయం పేరిశాస్త్రి, "గురువుగారూ, మూత్రపిండాల్ని కాపాడడానికి గలిజేరును మించిన మూలిక ఏదైనా ఉందా?" అని అడిగాడు. అతని దిగులంతా గంగారత్నం గురించి. ఊళ్ళో పూతరేకులు చేసే మనిషి, పొద్దస్తమానం బోర్లించిన కుండ ముందు, మంటకు ఎదురుగా కూర్చుంటుంది. కాళ్ళు పొంగి, మొహం ఉబ్బి, మూత్రం తగ్గిపోయి వచ్చింది. ఇలాగే సాగితే మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాల్సిందేనని పట్నం డాక్టరు చెప్పేశాడు. ఆచార్యులు గారు గలిజేరు కషాయం ఇచ్చి పథ్యం చెప్పారు. పాపం, ఆవిడ ఉప్పు మానింది, చింతపండు మానింది, ప్రాణంతో సమానమైన ఆవకాయ జాడీని చెల్లెలింటికి పంపేసింది. అయినా వాపు దిగితేనా! శిష్యుడికి అన్నం సయించడం లేదు.

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

వీళ్ళు వెళ్ళేసరికి గంగారత్నం కుండ మీంచి రేకు తీస్తోంది. "కషాయం ఎలా తాగుతున్నావో నా ఎదురుగా ఒకసారి తాగమ్మా," అన్నారాయన.

"అయ్యో, మానకుండా తాగుతున్నానండి బాబూ, ఒట్టు!" అంటూ ఆవిడ గ్లాసు తెచ్చుకుంది. కొంగుముడి విప్పి, అందులోంచి తెల్లబిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని, కషాయంతో గుటుక్కున మింగేసింది.

పేరిశాస్త్రి గబుక్కున ముందుకు వంగాడు. "అదేమిటమ్మా?"

"మోకాళ్ళ నొప్పుల బిళ్ళండి. ఎప్పట్నించో వేసుకుంటున్నా. ఇది లేకపోతే కుండ దగ్గర కూర్చోలేను. రెండూ మందులే కదాని ఒక్క గుక్కలో కానిచ్చేస్తున్నా."

"డాక్టరుగారికి చెప్పలేదా?"

"రోగానికేం మందులు వాడుతున్నావన్నారు, ఏమీ లేదన్నాను. ఇది నొప్పికి కదండీ!"

ఆచార్యులు గారు కోప్పడలేదు. "కంచే చేను మేస్తుంటే ఎరువు మార్చమంటున్నాడమ్మా మా శాస్త్రి," అని, ఆ బిళ్ళలతో సహా ఆవిడను ఆ పూటే పట్నం పంపారు. వాటిని చూసి డాక్టరు, మూత్రపిండాల్ని పాడుచేస్తున్నవి ఇవేనని తల పట్టుకున్నాడట. తక్షణం మాన్పించాడు. మోకాళ్ళకు గురువుగారు వావిలాకు కాపడం చెప్పి, కూర్చోవడానికి ఎత్తు పీట చేయించారు. "తినకూడనివన్నీ చెప్పాం శాస్త్రీ, మింగుతున్నదేమిటో అడిగామా?" అని దారిలో ఒక్కసారి అన్నారు, అంతే.

వాపు ఒక్కరోజులో దిగలేదు. మెల్లమెల్లగా దిగింది. శ్రావణమాసంలో గంగారత్నం తనంతట తానే నడిచొచ్చింది. మొహం మళ్ళీ ఆవిడ మొహంలా ఉంది. "మిషను అక్కర్లేదన్నారండీ!" అని గుమ్మంలోనే చెప్పి భోరుమంది. హమ్మయ్య అనుకుని పేరిశాస్త్రి కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆవిడ తెచ్చిన పూతరేకు నోట్లో కరుగుతుండగా అతనికి పాత సందేహం మళ్ళీ లేచింది. "ఇంతకీ కాపాడింది గలిజేరేనంటారా గురువుగారూ? రేపు ఇలాంటి రోగి వస్తే ముందు ఏమివ్వాలి?"

"ఇవ్వడానికేం తొందర? ముందు కొంగుముడి విప్పి చూపించమను."

"మగవాడైతే?"

ఆచార్యులు గారు చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ, "వాడి చొక్కాకి జేబుండదుటయ్యా?" అన్నారు.