సత్తియ్య ఏరి తెచ్చిన పుస్తకాలు

దగ్గరికి జరుగు బంగారం. దుప్పటి కప్పుకున్నావా? ఊఁ కొడుతూ వినాలి మరి.

అనగనగా గోదారి పాయల నడుమ ఒక లంక ఉండేదట. ఆ లంకకి రోడ్డు లేదు, వంతెన లేదు. పాల క్యాను అయినా, కొత్త పెళ్ళికూతురైనా పడవెక్కి రావాల్సిందే. ఆ పడవ నడిపే ఆయన పేరు సత్తియ్య. ఆయనకి ఒక్కతే కూతురు, నూకరత్నం.

సత్తియ్య భార్య వీరమ్మ అవతలి ఒడ్డున రొయ్యల షెడ్డులో పని చేసేది. రొయ్యలు ఒలవడమంటే ఏమనుకున్నావు? పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టాలి. అలా ఒలిచీ ఒలిచీ వీరమ్మ వేళ్ళు మొద్దుబారిపోయాయి. పువ్వు ముట్టుకున్నా, ముల్లు ముట్టుకున్నా ఆవిడకి ఒకటే.

నూకరత్నం మాత్రం రోజూ పడవెక్కి వెళ్ళి డిగ్రీ దాకా చదివింది. కాలేజీలో ఒక గది ఉండేది, కంప్యూటర్ల గది. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. ఒకరోజు నూకరత్నం వంతు వచ్చింది. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని తన పేరు నొక్కింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల్లో ఆ పేరు వెలిగింది. అంతే, పిల్ల మనసు ఆ గదిలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. నీళ్ళకి వెళ్ళి బిందె ముంచడం మరిచి, గోదారి మీద ఎండ మెరుస్తుంటే చూస్తూ నిలబడేది.

"ఆ పెట్టెకి మన మాట వినడం నేర్పే చదువుందంటమ్మా," అని వాళ్ళమ్మకి చెప్పింది. "యూనివర్సిటీలో. ఎంట్రన్సు రాసి సీటు తెచ్చుకోవాలి."

వీరమ్మ తన వేళ్ళు చూసుకుంది. "ఒక్క ఏడాదే ఆగగలనే రత్నం. నా చోటు నీకిస్తానని మేస్త్రీ మాటిచ్చాడు. సీటొస్తే నువ్వెళ్ళి చదువుకో, నేను ఎలాగోలా ఈడ్చుకొస్తాను. రాకపోతే మాత్రం నువ్వు షెడ్డుకి రావాలి తల్లీ. ఇంక నావల్ల కాదు."

ఒక్క ఏడాది. ఒక్క పరీక్ష. నూకరత్నం సరేనంది.

అప్పుడు పుస్తకాలు కావాల్సి వచ్చాయి. ఇప్పట్లా అరచేతిలో ఫోనులో అన్నీ చూసుకునే రోజులు కావవి. పుస్తకాలు కొనాలంటే రాజమండ్రి వెళ్ళాలి. ఆ వారమంతా నూకరత్నానికి డిగ్రీ ఆఖరి పరీక్షలు. సత్తియ్యకేమో పడవ లైసెన్సు పనిమీద అటే ప్రయాణం.

"నా కూతురి పుస్తకాలు నేను కాక ఎవడు కొంటాడే!" అని సత్తియ్య గెడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

నూకరత్నం చీటీ రాసిచ్చింది. లెక్కలు ఒకటి, రీజనింగు ఒకటి, కంప్యూటరు ఒకటి. "మంచివి చూసి తీసుకురా నాన్నా," అంది. కొత్తవి అని రాయలేదు పిచ్చితల్లి. మంచివంటే కొత్తవేగా అనుకుంది.

సత్తియ్యకి చదువు రాదు. కానీ వస్తువు ఎంచడం వచ్చు. తెడ్డు కొనాలంటే ఆయన కొత్తది ముట్టుకునేవాడు కాదు. నలుగురి చేతుల్లో ఏళ్ళ తరబడి ఆడి, పిడి నున్నగా అరిగిపోయిన తెడ్డు కోసం రేవులన్నీ తిరిగేవాడు. ఏటి మధ్యలో విరగలేదు కాబట్టే కదా అంతకాలం ఉంది అనేవాడు. పుస్తకాన్ని కూడా అలాగే ఎంచాడు, పాపం.

మొదటి కొట్లో చీటీ చూసి కొత్త పుస్తకాలు చూపించారు. సత్తియ్య వేలితో పేజీలు తిప్పాడు. నలగలేదు, మాయలేదు. "ఎవరూ ముట్టుకోలేదంటే ఎవరికీ పనికిరాలేదన్నమాట. నాకు అంటగడుతున్నారు," అనుకుని బయటికొచ్చేశాడు.

ఆ తర్వాత రెండో కొట్టు. అక్కడ పుస్తకం మొదటి పది పేజీలు మాసిపోయి ఉన్నాయి, మిగతాదంతా తెల్లగా ఉంది. "వీడెవడో మొదట్లోనే పారిపోయాడు," అని నవ్వుకుని అదీ వద్దన్నాడు.

ఆ తర్వాత మూడోది, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కొట్టు. అక్కడ దొరికాయి ఆయనకి! అంచులు అరిగి, అట్టలు ఊడి, ప్రతి పేజీలో గీతలు గీసి, పక్కన పెన్సిలు రాతలతో మూడు పుస్తకాలు.

"బాబాయ్, అవి బాగా పాతవి. సిలబస్ మారిపోయింది," అన్నాడు కొట్టబ్బాయి.

"మంచి సరుకు నాకివ్వబుద్ధి కావట్లేదేటి? మాటలాపి కట్టబ్బాయ్," అన్నాడు సత్తియ్య.

పాపం, వాడు నిజమే చెప్పాడు. మన సత్తియ్యకి సిలబస్ అంటే ఏంటో తెలీదు.

తిరుగు పడవలో సత్తియ్య పుస్తకాలు తువ్వాల్లో పెట్టి అందరికీ చూపించాడు. పాల నరసమ్మ కళ్ళకద్దుకుంది. చేపల సూరయ్య చెయ్యి కడుక్కుని మరీ ముట్టుకున్నాడు. "పిల్ల అదృష్టవంతురాలు," అన్నారు అందరూ.

నూకరత్నం ఇంటికొచ్చి మొదటి పేజీ తిప్పింది. తను మూడో తరగతిలో ఉన్నప్పుడు అచ్చేసిన పుస్తకమది. ఆ తర్వాత పోస్టులో పరీక్ష దరఖాస్తు వచ్చింది, అందులో ఏమేం చదవాలో వేశారు. వేలు పెట్టి ఒక్కొక్కటీ పుస్తకాల్లో వెతికింది. సగానికి సగం లేవు.

అప్పుడు నాన్నకి చెప్పేద్దామనుకుంది. వెళ్ళేసరికి సత్తియ్య సిమెంటు సంచి కాగితంతో పుస్తకాలకి అట్టలేస్తున్నాడు, అన్నం మెతుకులతో అంటించి, అరచేత్తో సాపుచేస్తూ. చెప్పలేకపోయింది.

మర్నాడు పడవలో చెబుదామనుకుంది. "మూడు కొట్లు తిరిగి నేనే ఏరి తెచ్చాను," అని ఆయన ఎవరికో చెబుతున్నాడు. అప్పుడూ చెప్పలేకపోయింది.

మూడోసారి నోరు విప్పింది. "నాన్నా, ఈ పుస్తకాలు..." అంది.

సత్తియ్య తలెత్తాడు. "ఏమ్మా? తప్పువి తెచ్చానా?"

ఆ ముఖం చూసింది నూకరత్నం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళిన నాన్న, జనం ముందు చిన్నబోయి నిలబడినట్టు ఊహించుకుంది. "లేదు నాన్నా. చాలా బాగున్నాయి," అంది.

నువ్వయితే చెప్పేదానివా? ఏమో. చూద్దాంలే, పెద్దయ్యాక.

ఇంక ఏం చేస్తుంది? ఉన్నదే గట్టిగా చదివితే గట్టెక్కుతానేమో అని ఆశపడింది. పగలల్లా ఆ మూడు పుస్తకాలే. వేరేవి ఎవరినైనా అడిగి తెచ్చుకుందామంటే, సాయంత్రం కాగానే సత్తియ్య పక్కనొచ్చి కూర్చునేవాడు. ఏ పేజీలో ఉందో చూసేవాడు. "సగమైందా అమ్మడూ?" అనేవాడు. మూడూ కంఠతా వచ్చేశాయి పిల్లకి. పక్కన పెన్సిలు రాతలు కూడా వచ్చేశాయి.

పరీక్ష రోజు సత్తియ్యే దాటించాడు. హాల్లో మొదటి పేజీ లెక్కలన్నీ చకచకా చేసేసింది. రెండో పేజీలో సగం తెలిశాయి. మూడో పేజీ తిప్పింది. అక్కడ అడిగినవాటికి దరఖాస్తులో పేర్లు చూసిందే గాని, పాఠం ఎక్కడా చదవలేదు. పక్కమ్మాయి పెన్సిలు గబగబా గళ్ళు నింపుకుపోతోంది. నూకరత్నం కాగితం మీద చెయ్యి పెట్టుకుని గంట కొట్టేదాకా కూర్చుంది.

ఆ తర్వాత పేపర్లో నెంబర్లు పడ్డాయి. ఆమె నెంబరు లేదు.

సత్తియ్య కోప్పడలేదు. ఒకటే అడిగాడు. "పుస్తకాలు మంచివే కదా అమ్మా?"

"మంచివే నాన్నా. నేనే సరిగ్గా చదవలేదు."

ఆ సాయంత్రం దొడ్లో ఆయన వీరమ్మతో అంటుంటే విన్నది. "పిల్ల పైకి పుస్తకం పట్టుకుందే గాని మనసు పెట్టలేదే."

నాన్న తనని అలా అనుకోవడం, సీటు పోయినదానికన్నా ఎక్కువ గుచ్చుకుంది. అయినా ఊరుకుంది. మర్నాడు వీరమ్మ చోట్లో కూర్చుని ఐసులో చేతులు పెట్టింది.

అలా నెలలు గడిచాయి. ఒకరోజు షెడ్డు నుంచి వస్తూ నూకరత్నం పడవెక్కింది. చేపల సూరయ్య కూతురు మంగతాయారు కూడా ఎక్కింది. ఆ పిల్లకీ కంప్యూటరు చదువంటే ఇష్టం. వచ్చే ఏడు అదే ఎంట్రన్సు రాస్తుందట.

అప్పుడు సత్తియ్య పడవ చివర్నుంచి తువ్వాలు మూట తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాడు. సిమెంటు కాగితం అట్టల పుస్తకాలు. "తీసుకో అమ్మా. మా రత్నం చదవలేకపోయింది. పుస్తకాలేం పాపం చేశాయి? ఏరి తెచ్చినవి."

మంగతాయారు మెరిసిపోతూ కళ్ళకద్దుకుంది.

నూకరత్నం ఆ అట్టల వైపు చూసింది. తన ఏడాది తను పోగొట్టుకుంది, అది తన ఇష్టం. ఈ పిల్ల ఏడాదో? నడి ఏరు దాటింది పడవ. ఒడ్డు దగ్గరికొస్తోంది. దిగిపోతే ఆ పిల్ల ఇంటికెళ్ళి చదవడం మొదలుపెడుతుంది.

"తాయారూ, అవి చదవకు," అంది.

సత్తియ్య తిరిగి చూశాడు.

"అవి పాతవి. పరీక్షలో సగం వాటిల్లో లేవు. నేను మూడూ కంఠతా పట్టి వెళ్ళాను. అయినా రాలేదు."

మంగతాయారు ఆ పుస్తకాలు ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే పట్టుకుంది. సత్తియ్య పడవని రేవుకి చేర్చాడు. ఒక్కొక్కళ్ళనే చెయ్యి పట్టి దింపాడు. అందరూ వెళ్ళాక అడిగాడు.

"అక్షరాలు కూడా పాడవుతాయా అమ్మా?"

"పాడవ్వవు నాన్నా. పరీక్ష మారింది, అంతే."

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు తెచ్చిన వారానికే."

సత్తియ్య పడవ అంచు మీద కూలబడిపోయాడు. "ఆ వేళే చెప్పుంటే నవ్వుకుంటూ మళ్ళీ వెళ్ళొచ్చేవాణ్ణి కదమ్మా. రాజమండ్రి ఎంత దూరమని?"

అంత తేలికని ఆ పిల్లకి తోచనేలేదు, చూడు.

ఆ తర్వాత ఆదివారం ఇద్దరూ కలిసి రాజమండ్రి వెళ్ళారు. నూకరత్నం సిలబస్ కాగితం పట్టుకుని, ఒక్కొక్క పాఠమూ సరిచూసి, మంగతాయారుకి మూడు కొత్త పుస్తకాలు ఎంచింది. అచ్చేసిన ఏడు ఏ మూల వేస్తారో నాన్నకి చూపించింది. సత్తియ్య ఆ చోటు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"మీ అమ్మాయి కోసమా అండీ?" అడిగింది కొట్లో ఆవిడ.

సత్తియ్య కూతురి వైపు చూశాడు. "మా చెల్లికండీ," అంది నూకరత్నం.

మంగతాయారుకి సీటొచ్చింది. పెట్టె, పరుపు చుట్ట పడవలో వేసుకుని ఆ పిల్ల వెళ్ళిపోతుంటే లంకంతా రేవుకొచ్చింది. సత్తియ్యే దాటించి బస్సెక్కించాడు. వెనక్కి వచ్చేటప్పుడు పడవలో ఇద్దరే, నాన్నా, కూతురూ.

"నా మీద కోపం రాలేదా అమ్మా?" అడిగాడు సత్తియ్య.

"లేదు నాన్నా."

"నాకు నీ మీద వచ్చింది. మనసు పెట్టి చదివిన పిల్లని, మనసు పెట్టలేదని అనుకునేలా చేశావు. నేను ఏడుస్తానని దాచావు. నువ్వొక్కదానివే ఏడవాలా? ఇంక మీదట నన్ను ఏడిపించాల్సొస్తే ఏడిపించు తల్లీ. దాచకు."

అప్పుడు నూకరత్నం ముఖం కప్పుకోలేదు. నాన్న ముందు మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకు ఆ చదువు కావాలి నాన్నా," అంది. "చాలా కావాలి. షెడ్డులో కూర్చున్నా అదే గుర్తొస్తుంది. అమ్మ వేళ్ళు చూస్తే అడగలేను. కానీ నాకు చాలా కావాలి."

సత్తియ్య ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఏముంది? తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. కూతురు చెప్పేదంతా చెప్పేదాకా విన్నాడు. పడవ ఏటివాలున మెల్లగా కిందికి జరిగిపోతూ ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ఆపలేదు.

ఏడవకు బంగారం. ఇలా రా, కళ్ళు తుడుస్తాను. ఆ తర్వాతా? మర్నాడు ఆ పిల్ల మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. అంతవరకే నాకు తెలుసు.

పడవ రేవుకి, పిట్ట గూటికి,
ఏటి నీరు సాగి సాగరానికి,
కథేమో కంచికి, కన్నేమో నిదరకి,
నువ్వేమో నా ఒడికి.