నాంచారి హోటల్లో ఆరని పొయ్యిలు

అనగనగా ఒక అడవిలో, కొండదారి మలుపు తిరిగే చోట, ఒక హోటలుండేది. దాన్ని నడిపేది నాంచారి అనే ముంగిస. ఆమె చేసే చింతచిగురు పప్పు, వేడివేడి దోసెలు తినడానికి కుందేళ్లూ, కోతులూ, దుప్పులూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి.

అన్నీ ఉన్నా నాంచారికి స్థిమితం లేదర్రా! లోపలికి వెళ్లేది, బయటికి వచ్చేది. మెడ సాచి దారివైపు చూసేది. ఎవరూ కనపడకపోతే గుండె దడదడలాడేది.

"ఇవాళ ఎవరూ రారేమో! వచ్చినవాళ్లు ఆలస్యమైందని లేచిపోతారేమో!"

ఎప్పుడూ ఇదే బెంగ. ఆ బెంగతోనే తెల్లవారగానే పొయ్యిలన్నీ అంటించేది. తినేవాళ్లు ఉన్నా లేకపోయినా అవి మండుతూనే ఉండాలి. ఖాళీ పెనం కాలి పొగలు కక్కేది. మూత లేని గంగాళంలో నీళ్లు కుతకుత మరిగి ఆవిరైపోయేవి. కొండమీది ఊట నుంచి వెదురు గొట్టంలో వచ్చే నీళ్లు తొట్టి నిండి, పొర్లి, వెనక రాళ్ల నెర్రెల్లోకి ఇంకిపోయేవి.

వంట చేసే ఎలుగుబంటి ఎల్లన్న ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"అక్కా, ఒక్కరూ లేరు. ఒక్కటి ఉంచి మిగతా పొయ్యిలు ఆర్పేయనా? దగ్గర్లో ఎండుపుల్ల కూడా మిగల్లేదు. కట్టెల కోసం కొండ అవతలికి పోవాల్సొస్తోంది."

"అమ్మో, వద్దు! పొగ కనపడకపోతే హోటలు మూసేశామనుకుంటారు" అంది నాంచారి.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం చంద్రి అనే జింక రొప్పుతూ వచ్చింది. ఆమె ఉండేది కొండ దిగువన, ఆ ఊటనీళ్లే పారే వాగు పక్కన.

"రా చంద్రీ, దోసె వెయ్యనా?" అంది నాంచారి.

"తిండికి రాలేదు వదినా. వాగు ఎండిపోయింది. నా పిల్ల ఇసుకలో నాలుక పెట్టి తడి కోసం వెతుకుతోంది. నీకు పనున్నప్పుడు గొట్టం తెరుచుకో. పని లేనప్పుడు బిరడా పెట్టు. అప్పుడు ఊట మావైపు దిగుతుంది."

నాంచారికి జాలేసింది. "అంతేనా! ఇదిగో, ఇప్పుడే పెడుతున్నా" అంటూ కొయ్య బిరడా బిగించింది. ఎల్లన్న సంతోషంగా పొయ్యిలు ఆర్పాడు. చంద్రి తేలికపడ్డ మనసుతో వెళ్లింది.

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది. నాంచారి కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. 'ఇప్పుడే కోతుల గుంపు దిగితే? దోసె వెంటనే ఇవ్వలేకపోతే?' ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. కాసేపు ఓర్చుకుంది. చివరికి ఒక్క దూకు దూకి బిరడా లాగేసింది. పొయ్యిలు మళ్లీ అంటించింది.

"ఈ ఒక్క పూటకే" అంది.

మర్నాడూ "ఈ ఒక్క పూటకే" అంది. ఆ తర్వాత అనడం కూడా మానేసింది.

కొన్నాళ్లకు గొట్టంలో ధార సన్నబడింది. బొట్లు బొట్లుగా రాలింది. ఒకరోజు ఆ బొట్లూ ఆగిపోయాయి. ఆ రోజు ఎల్లన్న కట్టెలకు వెళ్లాడు. నాంచారి దారిలో నిలబడి ఎవరైనా వస్తున్నారా అని చూస్తోంది. లోపల ఎవరికోసమూ కాకుండా మండుతున్న పొయ్యిలోంచి ఒక రవ్వ లేచి ఆకుల కప్పుకు అంటుకుంది.

"నిప్పు! నిప్పు!"

నాంచారి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు. గంగాళంలోకి తొంగిచూసింది. నీళ్లన్నీ ఇగిరిపోయి అడుగు మాడుతోంది. ఎల్లన్న కట్టెల మోపు పారేసి ఉరికొచ్చాడు. కాలుతున్న కప్పును పీకి కింద పడేశాడు. అయినా మంట ఆరలేదు. అంతలో మంట చూసి దిగువ నుంచి చంద్రి పరుగెత్తుకొచ్చింది. మెడకు వేలాడుతున్న సొరకాయ బుర్ర వంచి, అందులోని నీళ్లన్నీ నిప్పు మీద పోసేసింది. మంట చుయ్‌మని ఆరింది.

"ఆ నీళ్లు ఎక్కడివి చంద్రీ?" అంది నాంచారి.

"ఇసుకలో చెలమ తవ్వాను. ఊరగా ఊరగా అవి వచ్చాయి. పిల్లకని దాచాను."

"మరి పిల్లకి?"

చంద్రి ఖాళీ బుర్రను బోర్లించి చూపింది.

"నువ్వు వెళ్లగానే బిరడా తీసేశానే" అని నాంచారి ఏడ్చేసింది.

"తెలుసు వదినా. వాగులోకి చుక్క దిగలేదుగా."

నాంచారి ఆ బుర్ర తీసుకుని ఊట దగ్గరికి ఎక్కింది. రాతి పగులులో ఊరే చెమ్మను ఆకుతో తోడి తోడి, పొద్దు వాలేదాకా బుర్ర నింపింది. తనే మోసుకెళ్లి జింకపిల్ల మూతికి అందించింది. పిల్ల ఆగకుండా తాగింది.

ఆ తర్వాత హోటల్లో ఎవరైనా వచ్చాకే ఒక పొయ్యి వెలిగేది. పని లేనప్పుడు గొట్టానికి బిరడా బిగించే ఉండేది. గంగాళం మీద మూత పడింది. ఆకుకూర కడిగిన నీళ్లతోనే గిన్నెలు ముందుగా ఒకసారి తొలిచేవారు. కోతులు వస్తే "కాస్త కూర్చోండి, వేడిగా వేసిస్తా" అనేది నాంచారి. అంటూనే వాళ్లవైపు ఓరగా చూసేది. లేచి వెళ్లిపోతారా? ఎవరూ లేవలేదు. కాళ్లు బారజాపి కబుర్లలో పడ్డారు.

మెల్లమెల్లగా వాగులో తడి చేరింది. నాంచారికి బెంగ మాత్రం పూర్తిగా పోలేదు. ఊరికే కూర్చోలేనప్పుడు వాగు దాకా దిగి, జింకపిల్ల నీళ్లు తాగుతుంటే కాసేపు చూసి వచ్చేది.

నీతి: మనకు పని లేనప్పుడు పారే నీరూ, మండే కట్టెలూ ఇంకొకరికి దక్కాల్సినవి; పని కాగానే నీరు ఆపాలి, పొయ్యి ఆర్పాలి.