పొట్టేలు ఒప్పుకోవాలి

దేవుడు తెలివంతా తమ ఇంట్లోనే కుమ్మరించి పోయాడని గొర్రెలకాపరి ఓదెలుకు గట్టి నమ్మకం. పెళ్ళాం కొమురవ్వకూ, ఆ ఇంట్లోనే తిష్ఠ వేసిన బామ్మర్ది సమ్మయ్యకూ అదే నమ్మకం. ఊరివాళ్ళు సలహాలకు రాకపోవడం ఉత్త సిగ్గువల్లేనట!

పోచమ్మ పండుగ వచ్చింది. వియ్యాలవారు దిగి, చేతులు కడుక్కుని కూర్చున్నారు. ఓదెలుకు మాత్రం మనసు మనసులో లేదు. పోచమ్మకు కోయాల్సింది పిల్లప్పటి నుంచి చేత్తో మేపిన పొట్టేలు మరి. కోస్తే పాపం తగలదా?

"మీద నీళ్ళు సల్లు ఓదెలూ," అన్నాడు కులపెద్ద. "ఒళ్ళు ఇదిలిస్తే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నంక కోస్తే పాపం అంటదు."

ఓదెలు చల్లాడు. పొట్టేలు నెమరేస్తూ నిలబడింది.

"బొచ్చు మందమున్నది. మనం అడిగింది దానికి తెలుస్తలేదు," అంది కొమురవ్వ. అంతే, ముగ్గురూ కూర్చుని బొచ్చంతా కత్తిరించేశారు. మళ్ళీ చల్లితే పొట్టేలు గజగజ వణికింది.

"అయిపాయె, కానియ్యుండ్రి!" అన్నారు ఆకలి మీదున్న వియ్యాలవారు.

"ఒణుకుడంటే భయం. భయపెట్టి ఒప్పిస్తే ధర్మమా?" అని ఓదెలు తన గొంగడి తీసి దానికి కప్పాడు.

"సల్లనీళ్ళకు ఎవరొప్పుకుంటరు బావా!" అన్నాడు సమ్మయ్య. ఇంకేముంది, కూర కోసం కారం వేసి పెట్టిన గోరువెచ్చటి ఎసరు ఎత్తుకొచ్చారు. పొట్టేలు ఒక్క కుమ్ము కుమ్మింది. గిన్నె బోర్లాపడి ఎసరంతా ఓదెలు నెత్తిన. కళ్ళు మండిపోయి, నెత్తి నుంచి కాళ్ళదాకా ఒళ్ళు విదిలించాడు.

"బావ ఒప్పుకున్నడు!" కేకేశాడు సమ్మయ్య.

ఓదెలు ఆలోచించాడు. "నిజమేరా. అనుకోకుంట అయింది గని, మాట తప్పద్దు."

కొమురవ్వ ఘొల్లుమంది. "ఇంత బక్కోన్ని కోస్తే వియ్యాలోళ్ళకు ఏం సాలుతది? మన ఇజ్జత్ పోదా? పై పండుగ దాక మేపుదాం."

"మేపేదెవరే? మందను కాసేది బావనాయె!"

ముగ్గురూ చూశారు. గొంగడి కప్పుకుని నిలబడింది పొట్టేలే. గొంగడి ఎవరి ఒంటి మీదుంటే కాపరి వాళ్ళే కదా! తాడు ఒక కొస దాని మెడకు, రెండో కొస ఓదెలు మెడకు కట్టారు. పొట్టేలు గుట్టవైపు నడిచింది. వియ్యాలవారు పచ్చిపులుసు అన్నం తిని, తిట్టుకుంటూ పోయారు.

పొద్దుగూకాక ఓదెలు మూతి పచ్చగా చేసుకుని వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"మంచి మేత ఉన్నకాడికే తీస్కపోయిందే నన్ను. ఎంత ప్రేమనో! కొమురవ్వా, పండుగనాడు నన్ను కోసేటప్పుడు దీన్ని దూరం తోలుండ్రి. పెంచిన పాణం, చూసి తట్టుకోదు."