నాలుగింటి తలుపు

"సెల్ టవర్ల నుంచి రోజుకు పన్నెండు వేల నాలుగు వందల అలారాలు వస్తున్నాయి మాస్టారూ. నా ప్రోగ్రాము పనికిరానివి ఏరేసి మూడు వందల పదే తెర మీద చూపిస్తుంది. వందకు తొంభై ఏడున్నర తగ్గాయి. రేపటి నుంచి పెట్టేయవచ్చా?" అని హిమజ అడిగింది.

గవర్రాజు మాస్టారు ముప్పై ఏళ్లుగా టెలిఫోను నెట్‌వర్కులను కనిపెట్టి ఉండే ప్రోగ్రాములు రాస్తూ, హిమజలాంటివాళ్లకు నేర్పుతున్నవారు. లెక్క ఎంత బాగున్నా మెచ్చుకోరు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తన తొలిరోజుల సంగతి ఒకటి చెప్పారు.

కొండమీది ఒక టవరుకు సోమన్న కాపలా. ఒంటరివాడు. గుడిసెలో కరెంటు లేక, ఫోను టవరు గదిలోనే చార్జింగుకు పెట్టి తాళం వేసి వెళ్లేవాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చి, తలుపు తీసి, జనరేటరులో డీజిలు పోసేవాడు. తలుపు తీయగానే పట్నంలోని కంట్రోల్ రూములో అలారం మోగేది. అక్కడ పనిచేసే రత్నకుమారి, "సోమన్న బెల్లు కొట్టాడు, టీకి లేవండి" అనేది. ఆ మనిషిని వాళ్లెవరూ చూడలేదు.

మాస్టారు రాసిన ప్రోగ్రాము ఆ అలారాన్ని రెండు వారాలు గమనించింది. రోజూ ఒకే వేళకు వస్తోంది, దానివల్ల ఏ నష్టమూ లేదు. పనికిరానిదని తేల్చి, తెర మీదికి రానివ్వడం, మోగనివ్వడం మానేసింది. లెక్క తప్పలేదు. పై అధికారులు మాస్టారికి శాలువా కప్పారు.

ఆ వానాకాలం ఒకరోజు నాలుగింటికి తలుపు తెరుచుకోలేదు. మర్నాడూ తెరుచుకోలేదు. తెర పచ్చగానే ఉంది. మూడో రోజు డీజిలు అయిపోయి, టవరు ఆగిపోయాక ఎర్రదీపం వెలిగింది. డీజిలు డబ్బాలతో కొండెక్కినవాళ్లకు, గదికి ఇరవై అడుగుల కింద రాళ్లలో సోమన్న కనిపించాడు. కాలు జారి పడితే తొడ ఎముక విరిగింది. రెండో రోజు దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఫోను, తాళం వేసిన గదిలో, నిండుగా చార్జి అయి ఉంది.

హిమజ తన తెర వైపు తిరిగింది. "అయితే నా ప్రోగ్రాము తీసేయమంటారా మాస్టారూ?" అంది.

"తీసేయమనలేదమ్మా. పన్నెండు వేలు ఎవరు చూస్తారు?" అంటూ ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. "ఆ మూడు రోజులూ మావాళ్లు సరిగ్గా నాలుగింటికే టీ తాగారు. గడియారం చూసుకుని."