తెర మీద లేని కందిరీగ

"కాలిబంతాటలో తప్పొప్పులు తేల్చేది మైదానంలో నిలబడ్డ మధ్యస్థుడే. అతని మాటకు సింహాసనం అడ్డురాదు."

ఒకప్పుడు కుందవరం అనే రాజ్యాన్ని ఏలిన ప్రతాపకేసరి, పట్టాభిషేకం నాడు ఈ మాట రాతి మీద చెక్కించాడు. రాయి అలాగే ఉంది. మాటే ఏడాది తిరగకుండా పోయింది.

ఆ రాజ్యంలో బంతాటంటే పిల్లా పెద్దా పడిచచ్చేవారు. ఆటగాడెవడైనా మోటుగా కాలు అడ్డుపెడితే మధ్యస్థుడు పసుపు గుడ్డ ఊపి మందలించేవాడు. మరీ ఘోరమైతే ఎర్రగుడ్డ ఊపి ఆ పూటకు బయటికి పంపేవాడు. రాజుగారికి ఇది చాలలేదు. తన కంటిని మించిన కన్ను లేదని ఆయన నమ్మకం. అందుకని తోలుబొమ్మలాట వాళ్ళను కొలువులో పెట్టుకున్నాడు. వాళ్ళు గట్టున కూర్చుని ఆట చూడాలి. మర్నాడు సభలో కిటికీలు మూయించి, తెర వెనక దీపం పెట్టి, జరిగినదాన్ని బొమ్మలతో ఆడించి చూపాలి. "నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా" అంటూ రాజు కళ్ళు చిట్లించి చూసి తీర్పు చెప్పేవాడు. తెర మీద ఎరుపని తేలితే ఇక దేశబహిష్కారమే.

ఆ తెరంటే పేరన అనే కుర్ర పండితుడికి ఒళ్ళు మంట. కొలువులో అందరికంటే చిన్నవాడు, రాజుగారి గ్రంథాలయమంతా చదివేసినవాడు. నోరు తెరిస్తే నినాదమే. "చెమట చిందించినవాడిదే మైదానం" అని సభలో గర్జిస్తే, మంత్రి ఆవలిస్తూ "ఇది ఎన్నో అరలోని పుస్తకంలోది నాయనా?" అనేవాడు.

ఇంతలో ఒక ఆటలో తిప్పన అనే ఆటగాడి కాలు విరిగింది. అడ్డుకున్నవాడు అవతలి జట్టు బొల్లయ్య. మధ్యస్థుడు పసుపు గుడ్డే ఊపాడు. మర్నాడు తెర మీద మాత్రం బొల్లయ్య బొమ్మ కాలు గాలిలోకి లేచి, తిప్పన మోకాలి పైన చాలాసేపు ఆగి, అప్పుడు దిగింది. సభ ఉలిక్కిపడింది.

"ఎంతసేపు ఆలోచించి కొట్టాడో చూశారా" అన్నాడు రాజు. తెల్లవారాక శిక్ష ప్రకటిస్తానని లేచిపోయాడు.

పేరన తెర తీర్పు మీద కోపంతో ఊగిపోతూ తిప్పన ఇంటికి వెళ్ళాడు. అక్కడ బొల్లయ్య, తిప్పన తలను ఒళ్ళో పెట్టుకుని జావ తాగిస్తున్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న నినాదాలన్నీ పేరన మరిచిపోయాడు.

"వాన పడి గడ్డి జారింది అయ్యా. రెప్పపాటులో అయిపోయింది" అన్నాడు తిప్పన. "నేను పడ్డాక నన్నెవరూ తొక్కకుండా వీడే నా మీద బోర్లా పడుకున్నాడు. అది మీ తెర మీద చూపించారా?"

"ఊరుకోరా, జావ చల్లారిపోతోంది" అన్నాడు బొల్లయ్య.

"వీణ్ణి వెళ్ళగొడితే నాకు కాలు అతుక్కుని ఏం లాభం? నేనెవరితో పోటీపడి ఆడాలి?"

పొద్దున్నే పేరన, రాజు కాళ్ళు పట్టుకుందామని ఉద్యానానికి వెళ్ళాడు. మల్లెపందిరి కింద రాజు తన మూడేళ్ళ కూతురు సూరాంబను ఆడిస్తున్నాడు. ఉన్నట్టుండి పిల్ల చెంప మీద కందిరీగ వాలింది. రాజు చటుక్కున అరచేత్తో కొట్టాడు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఆయన గుండెకు హత్తుకుని ఊరడించాడు.

పేరన వెనుదిరిగి బొమ్మలాట పెద్ద గురవప్ప దగ్గరికి వెళ్ళి, చూసింది చెప్పాడు.

"మా పెట్టెలో కందిరీగ బొమ్మ లేదే" అన్నాడు గురవప్ప.

"లేకపోవడమే కావాలి."

సభ కూడింది. బొల్లయ్య, మధ్యస్థుడు కూడా వచ్చారు. తీర్పుకు ముందు ఇంకొక్క నేరం చూడమని పేరన వేడుకున్నాడు. దీపం వెలిగింది. తెర మీద కిరీటం లేని ఒక భారీ మనిషి, ఎదురుగా చిన్న పిల్ల. మనిషి చెయ్యి పైకి లేచింది. గాలిలో ఆగింది. మెల్లగా, మెల్లగా వచ్చి పిల్ల చెంప మీద పడింది. ఎవరో అయ్యో అన్నారు.

"ఎరుపే" అన్నాడు రాజు. "ఎవడా కిరాతకుడు?"

పేరన చేతులు జోడించాడు. "తమరే ప్రభూ. ఈ పొద్దున, మల్లెపందిరి కింద."

రాజు దిగ్గున లేచాడు. "కందిరీగ వాలిందయ్యా. నా బిడ్డను కుట్టేదే. ఆలోచించే వ్యవధి ఎక్కడిది?"

"తెర మీద బోలెడంత వ్యవధి ఉంది ప్రభూ. బొల్లయ్యకు ఉన్నంత. గురవప్ప పెట్టెలో కందిరీగా లేదు, తడిసిన గడ్డీ లేదు."

అంతలో దాది చెయ్యి విడిపించుకుని సూరాంబ పరుగెత్తుకొచ్చింది. వాచిన తండ్రి అరచేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నాన్నను కుట్టింది" అని అందరికీ చెప్పి, ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

రాజు వాచిన తన చేతికేసి చూసుకున్నాడు. తర్వాత పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మధ్యస్థుడి నడుముకున్న పసుపు గుడ్డ లాక్కుని తన ముఖానికే ఊపుకున్నాడు. బొల్లయ్యను ఇంటికి పొమ్మన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరన మెడలో వేశాడు.

"ఇది తిప్పన వైద్యానికి పుచ్చుకుంటాను" అన్నాడు పేరన. "కానీ ప్రభూ, ఈ తెర చూసి మీరు సరిహద్దు దాటించినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకూ ఇలాంటి పిల్లలున్నారు. వాళ్ళను ఎప్పుడు పిలిపిస్తారు? రాతి మీది మాట ఎప్పుడు నిలబెడతారు?"

ఇది ఎన్నో అరలోదని మంత్రి అడగలేదు.

"రాజుకే గడువు పెడతావా?" అన్నాడు ప్రతాపకేసరి, పిల్లను భుజాన వేసుకుంటూ.

"పెడతాను ప్రభూ. శ్రావణ పౌర్ణమి లోగా జవాబు కావాలి."