ఏడుపుకి తెరుచుకోని తడిక

కొండ కింద ఒక దొడ్డి. దాని చుట్టూ ఎత్తుగా తుమ్మకంప. లోపలికైనా బయటికైనా ఒక్కటే దారి, వెదురు తడిక. ఆ తడికకి అడ్డంగా ఒక కర్ర. ఆ కర్రని కొమ్ముతో ఎత్తి పడెయ్యడం మేక సింగారికి బాగా తెలుసు. అదే వచ్చిన చిక్కు.

సింగారికి లేకలేక పుట్టిన పిల్ల బొండుగాడు. ముద్దొస్తాడు, నేను కాదనను. కానీ వాడి మంకు ఉంది చూశారూ, ఆ ఏడుకొండలవాడే దిగిరావాలి! అడిగింది అందకపోతే అక్కడికక్కడే వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ గాల్లో కొట్టుకుంటూ, కంప మీది పిట్టలన్నీ లేచిపోయేలా అరిచేవాడు. మధ్యలో ఊపిరి బిగబట్టేవాడు. దాంతో తల్లి ప్రాణం విలవిల్లాడిపోయేది.

"అయ్యో నా తండ్రీ! ఇదిగో అవిశాకు. వద్దా? తవుడు కావాలా? ఉండు, కాటమ్మత్త తొట్టిలోది తెస్తా!"

కాటమ్మత్త అంటే ఆ దొడ్డిలో పెద్ద బర్రె. ఎన్ని దూడల్ని పెంచిందో దానికే లెక్క లేదు.

"ఏమే సింగారీ, నా తవుడుతోనా నీ కొడుకుని పెంచేది?" అంది.

"ఏం చెయ్యనత్తా? ఊపిరి బిగబడుతున్నాడు!"

"బిగబట్టినవాడు వదలక ఏం చేస్తాడే? ఇదిగో, చెబుతా విను. వాడు ఏడిస్తే ముందు కడుపు చూడు. తర్వాత నిద్రకళ్ళేమో చూడు. చెవిలో పురుగేమైనా పట్టిందేమో చూడు. వీటిలో ఏదున్నా పరిగెత్తు, నీ వెనక నేనూ వస్తా. ఏదీ లేదా, అది వట్టి మంకు. అప్పుడు పక్కన కూర్చో. కుమ్మకు, కసరకు, వదిలి పోకు. అడిగింది మాత్రం ఇయ్యకు."

"అన్నీ వద్దంటే ఇంక నేను చేసేదేముందత్తా?"

"నెమరేసుకో!"

సింగారి ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. తల్లి మనసు కదా, ఏం అంటాం!

ఇదంతా కంప అవతలి నుంచి ఒక నక్క చూస్తోంది. ముందురోజు నుంచి దాని కడుపులో మెతుకు లేదు. కంప దూరబోతే ముక్కుకి ముల్లు దిగింది. తడిక తోస్తే కదల్లేదు. కాపలా కుక్క కర్రోడు దొడ్డి బయట బండి కింద పడుకుని, బొండుగాడి అరుపులు అలవాటై గుర్రు పెడుతున్నాడు గానీ, కొత్త అలికిడైతే ఊరుకోడు.

"ఓహో, ఈ ఇంట్లో గొంతున్నవాడిదే రాజ్యమన్నమాట!" అనుకుంది నక్క. మెల్లగా కంప సందులోంచి పిలిచింది. "ఒరే బొండూ! నేన్రా, మీ మేనమామని."

బొండుగాడు దగ్గరికొచ్చి ఎగాదిగా చూశాడు. "మా మామకి కొమ్ములుండాలిగా?"

"ఉండేవిరా. మీ అత్తతో కాపురం చేసి చేసి అరిగిపోయాయి."

"మరి నీకు తోక ఇంత లావేంటి?"

"కొమ్ములు పోయిన బెంగతో లావెక్కింది. అవన్నీ ఎందుగ్గానీ, బయట రేగుచెట్టుంది. చిగుళ్ళు ఎంత కమ్మగా ఉంటాయో! మీ అమ్మని తడిక తియ్యమను."

"తియ్యదుగా!"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడగడం కాదురా అల్లుడూ, ఏడువు! పొర్లు! నేనిక్కడున్నానని మాత్రం చెప్పకు, చెబితే మజా ఏముంది?"

బొండుగాడికి ఒకరు చెప్పాలా! తడిక ముందు దభీమని పడ్డాడు. "తియ్యీ! తడిక తియ్యీ!"

"ఎందుకు నాన్నా? బయటేముంది?"

"తియ్యీ!"

అవిశాకు పెడితే తన్నాడు. తవుడు పెడితే ఊదేశాడు. చివరికి ఊపిరి బిగబట్టాడు. ఇంక సింగారి వల్ల కాలేదు. ఒక్క నిమిషం బయట తిప్పి తెస్తే పోయేదేముందిలే అనుకుని కర్ర కింద కొమ్ము పెట్టింది. అవతల నక్క పెదాలు నాక్కుంది.

"తియ్యవే తల్లీ, తియ్యి," అంది కాటమ్మత్త పడుకున్న చోటినుంచే. "ఇవాళ తడిక అడిగాడు. రేపు చందమామ కావాలని పొర్లుతాడు. అప్పుడు ఏ కొమ్ముతో తెస్తావు?"

సింగారి కొమ్ము ఆగింది. పిల్లాడి కడుపు చూసింది, నిండుగానే ఉంది. కళ్ళు చూసింది, నిద్ర జాడ లేదు. చెవులు చూసింది, శుభ్రంగా ఉన్నాయి. కర్ర వదిలేసి, తడికకి వీపు ఆనించి వాడి పక్కనే కూలబడింది.

"కోపమొచ్చిందా నాన్నా? రానీ. నేనిక్కడే ఉన్నా. తడిక మాత్రం తియ్యను."

బొండుగాడు నమ్మలేకపోయాడు. ఇంకా గట్టిగా అరిచాడు. సింగారి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మరీ నెమరేసింది. ఎంత కష్టమో పిల్లల్ని పెంచినవాళ్ళని అడగండి!

"ఇంకా గట్టిగా రా అల్లుడూ! కాళ్ళు బాగా కొట్టు!" నక్క సందులోంచి గుసగుసలాడింది.

వాడు కొట్టాడు. కాసేపటికి అరుపు కాస్తా ఏడుపైంది, ఏడుపు ఎక్కిళ్ళైంది. చివరికి పెద్ద ఆవులింత వచ్చింది. లేచి, ముక్కు చీదుకుంటూ వెళ్ళి తల్లి పొట్టలో తల దూర్చి నిద్రపోయాడు.

అవతల నక్కకి ఎండ నడినెత్తికెక్కింది. ఆకలి అంతకన్నా పైకెక్కింది. ఇంత కష్టపడి నేర్పితే వీడు నిద్రపోతాడా!

"ఒరే, లేవరా! ఏడవరా! తడిక తియ్యమనరా!" అని నక్క వెల్లకిలా పడిపోయి, నాలుగు కాళ్ళూ గాల్లో కొట్టుకుంటూ కొండ మారుమోగేలా ఊళ పెట్టింది.

బండి కింద కర్రోడు కళ్ళు తెరిచాడు. ఒక్క దూకులో నక్క మీదికొచ్చాడు. ఆ తర్వాత నక్క వెళ్ళింది ముందు, దాని తోక వెంట్రుకలు రాలింది వెనక. తుమ్మముళ్ళు ఎక్కడెక్కడ గుచ్చుకున్నాయో నేను చెప్పకూడదు.

గోలకి బొండుగాడు లేచాడు. "అమ్మా, మామ ఎందుకేడుస్తున్నాడు?"

సింగారి తడిక సందులోంచి చూసింది. ఆ తోక చూడగానే అది నక్కని తెలిసింది. పిల్లాణ్ణి గట్టిగా దగ్గరికి లాక్కుంది.

"ఆకలికి నాన్నా."

"మరి ఏదన్నా పెట్టొచ్చుగా?"

"కర్రోడు పెడుతున్నాడులే," అంది కాటమ్మత్త తాపీగా నెమరేస్తూ. "పాపం, చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చోలేదేమో!"

బిడ్డ ఏడిస్తే ఒడి తెరవాలి గానీ, తడిక తెరవకూడదు.